పెద్ద గంట మనిషి కొలత

"మా చెల్లెలికి కావాలండీ" అంటూ నా దుకాణం ముందు తల వంచుకుని నిలబడే పెద్దమనుషులు ఈ మధ్య ఎక్కువయ్యారు. హాల్స్‌బీ చుట్టుపక్కల ఇంతమంది అన్నలకి చెల్లెళ్ళ లోదుస్తుల మీద ఇంత శ్రద్ధ ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలియలేదు. నేను నవ్వను. "మీ చెల్లెలు చేతులు పైకెత్తే పని ఏమైనా చేస్తుందా?" అని మాత్రం అడుగుతాను. వాళ్ళలో మొట్టమొదట వచ్చినవాడు క్లెమెంట్ రడ్కిన్. తన సంగతి చెప్పమని ఆయనే నాతో అన్నాడు కాబట్టి చెబుతున్నాను. లేకపోతే నోరు తెరిచేదాన్ని కాదు. బ్రాలు అమ్మే మనిషి నోరు జారితే ఆ ఊళ్ళో ఇక బతకలేదు.

నా పేరు ఏనిడ్ పాస్క్. గురువారం సంతలో చేపల బండికీ జున్ను బల్లకీ మధ్య నాది. మా అమ్మ తరవాత నేను ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాను. క్లెమెంట్ నన్ను పసితనం నుంచీ ఎరుగును. కాలువల బోర్డులో పనిచేసేవాడు. మా పల్లపు నేలల్లో కాలువలు పూడిపోతే ఊరే మునుగుతుంది, అందుకని ఏడాది పొడవునా నడుంలోతు నీళ్ళలో దిగి నాచూ బురదా తీసేవాళ్ళుంటారు. నలభై ఏళ్ళు ఆ పనే చేశాడు. పీపా లాంటి ఛాతీ, పొట్టి కాళ్ళు, మాట తక్కువ. భార్య ఆల్మా పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. ఆయనకి మిగిలింది రెండే: పెరట్లో లీకులనే లావాటి ఉల్లికాడల మడి, చర్చి గోపురంలో పెద్ద గంట.

మా గోపురంలో ఆరు గంటలు. ఒక్కో గంటకి ఒక్కో తాడు, ఒక్కో మనిషి. అన్నిటికన్నా పెద్దది ఆరోది, అది అన్నిటికన్నా చివర మోగాలి. అది ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే ముందు అయిదుగురు చేసిందంతా పాడవుతుంది. క్లెమెంట్ దాన్ని నలభై ఒక్క ఏళ్ళు లాగాడు. పక్కన అయిదో గంట నెవిల్ స్క్రిమ్‌షాది. ఇద్దరూ ఒకే బడి, ఒకే బల్ల. నెవిల్ గోపురానికి పెద్ద, ఆయనది పాము చెవి. ఎవరినీ మెచ్చుకోడు. తప్పుంటే చెబుతాడు, లేకపోతే ఊరుకుంటాడు. ఆయన ఊరుకున్నాడంటే అదే మెప్పు, ఆ మెప్పు కోసం మిగతా అయిదుగురూ చచ్చేవాళ్ళు.

నేను చెప్పే ఏడాది మార్చిలో క్లెమెంట్‌కి మగవాళ్ళకి ఆ వయసులో వచ్చే కాన్సర్ ఉందని తేలింది. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. డాక్టరు మాత్రలిచ్చాడు. ఒక కాగితం కూడా ఇచ్చాడట, అందులో కింది వరసలో చిన్న అక్షరాలతో ఉంది సంగతి. వేసవికల్లా రొమ్ములు వచ్చాయి. ముసలాళ్ళకి ఒళ్ళు జారడం వేరు, ఇవి వేరు. ఈడొచ్చిన ఆడపిల్లకి వచ్చినట్టు వచ్చాయి, చొక్కా తగిలినా సలిపేవి. జూన్ ఎండలో కూడా వెయిస్ట్‌కోటు వేసుకుని తిరుగుతుంటే "ఏం క్లెమ్, పెళ్ళికి వెళ్తున్నావా?" అని జున్ను బల్ల వాడు ఎగతాళి చేశాడు. ఆ రోజు నేనూ నవ్వాను.

గంట తాడుకి మధ్యలో లావుగా ఉన్ని చుట్టిన పట్టు ఉంటుంది. లాగి వదిలితే అది మనిషి ఛాతీ ముందునుంచి రివ్వున పైకి లేస్తుంది. నలభై ఏళ్ళు దాన్ని పట్టించుకోని మనిషి ఇప్పుడు దానికి భయపడి ప్రతిసారీ ఒక అణువు వెనక్కి తగ్గేవాడు. ఆ అణువంత వెనకబాటు గంటలో వినపడింది. సెప్టెంబరులో పక్క ఊళ్ళతో పోటీ జరిగితే మావాళ్ళు ఆఖరున వచ్చారు. పబ్బులో అందరి ముందూ నెవిల్ అననే అన్నాడు: "ఏరా క్లెమ్, నీ గంట రేపటికి మోగుతుందేమో అనుకున్నాను." క్లెమెంట్ గ్లాసు సగంలో వదిలేసి లేచిపోయాడు. మర్నాడు, భుజం నొప్పి, ఇక రాను అని చీటీ పంపాడు. ఊరంతా అలిగాడనుకుంది. నెవిల్ కూడా అదే అనుకున్నాడు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

శీతకాలంలో నెవిల్‌కి గుండె దెబ్బతింది. ఫిబ్రవరికల్లా మేడ మెట్లెక్కలేని స్థితి. భార్య ఏవిస్ మంచాన్ని కింది గదిలోకి, కిటికీ పక్కకి మార్పించింది. ఆ కిటికీలోంచి గోపురం కనపడుతుంది. ఈ వేసవి దాటడన్నారు డాక్టర్లు. ఆదివారం ఉదయం గంటలు మోగితే నెవిల్ కళ్ళు మూసుకుని వినేవాడు. పెద్ద గంట లాగడానికి ఎవరో కొత్తవాడిని పెట్టారు. "ఆలస్యం... తొందర... మళ్ళీ ఆలస్యం" అని గొణుక్కునేవాడట. ఒకరోజు ఏవిస్‌తో అన్నాడట, "వాడొచ్చి లాగితే ఒక్కసారి విని పోదును. వాడు రాడులే, వాడి పౌరుషం నాకు తెలీదూ." ఏవిస్ ఆ మాట సంతలో నాకు చెప్పి ఏడ్చింది. నాకు చెబితే ఊరికి చెప్పినట్టు కాదు గాని, చేపల బండివాడు అక్కడే ఉన్నాడు. వారం తిరక్కుండా క్లెమెంట్ చెవిన పడింది.

ఆ తరవాతి గురువారమే ఆయన నా బల్ల ముందుకి వచ్చాడు.

"ఏనిడ్, మా చెల్లెలికి ఒకటి కావాలి."

"ఏ చెల్లెలు?"

"లింకన్ పట్నంలో ఉంటుందిగా. లెటిస్." టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "పాపం బయటికి రాలేదు. కొలత నేను తెచ్చాను. రొమ్ముల కింద చుట్టూ నలభై రెండు అంగుళాలు. రొమ్ముల మీద నలభై అయిదు."

నేను మా అమ్మ నేర్పిన లెక్క చేశాను. కింది కొలతకి నాలుగు కలుపు. అది పట్టీ సైజు. మా దేశంలో దుకాణాలన్నీ చేసేది అదే లెక్క, మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది, ఎందుకు కలపాలో ఎవరూ అడగలేదు. నలభై రెండుకి నాలుగు, నలభై ఆరు. పైకొలత దానికన్నా తక్కువుంది, అంటే కప్పు ఉండీ లేనట్టే. పెట్టెల్లో వెతికి నలభై ఆరు పట్టీ, అన్నిటికన్నా చిన్నదైన 'ఏ' కప్పు ఉన్నది ఇచ్చాను. కాగితం సంచిలో చుట్టి ఇస్తే చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. లెటిస్‌కి జబ్బేమో, దిగులుగా ఉన్నాడేమో అనుకున్నాను. ఎదురుగా ఉన్నది చూడలేని కళ్ళు నావి.

శనివారం మధ్యాహ్నం సాధనకి క్లెమెంట్ గోపురమెక్కాడట. ఆర్నెల్ల తరవాత వచ్చిన మనిషిని ఏమీ అడక్కుండా తాడు ఇచ్చారు. మూడోసారి లాగేసరికి నేనిచ్చినదాని పట్టీ పైకి పాకి సరిగ్గా రొమ్ముల మీద కోసుకుపోయింది. కళ్ళు చీకట్లు కమ్మి తాడు వదిలేశాడు. టన్ను బరువున్న గంట అదుపు తప్పి తిరగబడింది, దాన్ని ఆపే కర్ర ఫెళ్ళున విరిగింది. ఆ చప్పుడు సంత వీధిదాకా వినపడింది, కిటికీ పక్క మంచం దాకా కూడా. "కావాలనే చేశాడు," అన్నాడట నెవిల్, లాగింది ఎవరో తెలిసి. "నాకు వినపడాలనే చేశాడు." గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గురువారం క్లెమెంట్ అదే సంచి తెచ్చి బల్లమీద పెట్టాడు.

"చెల్లెలికి సరిపోలేదు. పైకి పాకుతోందట."

"ఎప్పుడు పాకుతోంది?"

"చేతులు పైకెత్తినప్పుడు."

"అరవై అయిదేళ్ళ మనిషి, బయటికి రాలేదన్నారు. చేతులు పైకెత్తి ఏం చేస్తుంది రడ్కిన్ గారూ?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి వెయిస్ట్‌కోటు మీదకి వెళ్ళింది. అప్పుడు చూశాను. వెయిస్ట్‌కోటు ఎంత బిగించినా ఉన్నది ఉన్నట్టే కనపడుతోంది. నా బుర్రలో జూన్ ఎండా, విరిగిన కర్రా, వదిలేసిన చిల్లరా అన్నీ ఒకేసారి కలిశాయి. జున్ను బల్ల వాడితో కలిసి నవ్వినందుకు నా మొహం మండిపోయింది.

"సంత అయ్యాక మా ఇంటికి రండి," అన్నాను. "చెల్లెల్ని తీసుకురానక్కర్లేదు."

నాలుగింటికి వచ్చాడు. ముందుగది కర్టెన్లు వేశాను. టీ, ప్లమ్ బ్రెడ్డనే ఎండుపళ్ళ రొట్టె, దానిమీద జున్ను పెడితే ముట్టుకోలేదు. చొక్కా విప్పమంటే గుండీల దగ్గర పావుగంట తడబడ్డాడు. నేను కుట్టుమిషను నూనె చూస్తున్నట్టు నటించాను.

"మాత్రల వల్ల," అన్నాడు చివరికి. "అవి మానేస్తే పోతానంటున్నారు. వేసుకుంటే ఇదీ."

"నెవిల్ గారికి చెప్పలేదేం? తోడబుట్టినవాళ్ళలా పెరిగారు."

"ఏమని చెప్పను? కుర్రతనంలో స్కెగ్‌నెస్ సముద్రానికి వెళ్ళాం. ఒక లావాటాయన చొక్కా లేకుండా పోతున్నాడు. 'ఈయన ఇంటికి పాలవాడు రానక్కర్లేదు' అన్నాడు నెవిల్. నేను ఇసకలో పడి దొర్లి దొర్లి నవ్వాను. ఆయన విన్నాడు ఏనిడ్. మా వైపు చూసి తువ్వాలు కప్పుకున్నాడు. ఇన్నేళ్ళకి ఆ మొహం రోజూ గుర్తొస్తోంది."

టేపు తీశాను. పక్కటెముకల చుట్టూ టేపు పెట్టి అన్నాను, "ఇప్పుడు గంట లాగండి."

"ఇక్కడా?"

"ఇక్కడే. తాడు ఉందనుకోండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చేతులు పైకి వెళ్ళాయి. ఏదో లోపల లెక్క పెట్టుకుంటూ లాగాడు, వదిలాడు, మళ్ళీ అందుకున్నాడు. నా ముందుగదిలో చప్పుడు లేని గంట మోగుతోంది. నేను ఆయన చుట్టూ తిరుగుతూ టేపు చూశాను. చేతులు పైకెత్తినా దించినా పక్కటెముకల దగ్గర నలభై రెండే. అంతకన్నా ఒక్క అంగుళం వదులిచ్చినా ఆ టేపు పైకి పాకుతోంది. మరి నేను నాలుగు అంగుళాలు ఎందుకు కలిపాను?

కొలత తీసుకున్నది ఎందుకు? నాలుగు కలిపి పాడుచెయ్యడానికా? బరువు మొయ్యాల్సింది కింది పట్టీ. అది వదులైతే బరువంతా భుజాల మీద పడుతుంది. హాల్స్‌బీలో ఆడవాళ్ళందరి భుజాల మీదా ఉన్న గాట్లు నేనూ మా అమ్మా చేసినవే. వాళ్ళు చేతులు పైకెత్తి గంటలు లాగలేదు, అడగడానికి మొహమాటపడ్డారు, సర్దుకుపోయారు. ఆయన వెళ్ళాక నాకు నేను కొలుచుకున్నాను. నాదీ తప్పే. ముప్పై ఏళ్ళు తప్పు సైజు తొడుక్కుని ఊరికి సైజులు చెప్పాను.

నలభై రెండుకీ నలభై అయిదుకీ తేడా మూడు, అంటే నలభై రెండు 'సి'. 'ఏ' కాదు, 'సి'. ఆ మాట చెబితే ఆయన సిగ్గుపడతాడని "మూడో కప్పు" అన్నాను. కాని ఆడవాళ్ళ కోసం కుట్టినది మగవాడి ఎముకలకి అలాగే కూర్చోదు. మగవాళ్ళ రొమ్ములు దూరంగా, చంకలవైపు ఉంటాయి. అందుకని మధ్య ముక్క కత్తిరించి రెండు వేళ్ళ వెడల్పు మెత్తటి గుడ్డ కలిపాను. కప్పుల కింద గుచ్చుకునే తీగలు లాగేశాను. కప్పుల లోపల సలపకుండా పాత ఫ్లానెల్ చొక్కా ముక్క వేసి కుట్టాను, అది మా ఆయనది. ఆ భుజాల వెడల్పుకి పట్టీలు జారకుండా వీపు మీద రెంటినీ దగ్గరికి తెచ్చాను. తెల్లది గంటలవాళ్ళ తెల్లచొక్కాలోంచి కనపడుతుంది గనక గిన్నెలో చిక్కటి టీ పోసి ఒక రాత్రంతా నానేశాను. ఒంటి రంగు వచ్చింది. ఆ పనికి బిల్లు ఇంతని నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు. తరవాత మూడేళ్ళు మా గుమ్మంలో ఆ లీకుల కట్టలు కనపడుతూనే ఉండేవి.

శనివారం వచ్చి తొడుక్కున్నాడు. హుక్కులు వెనక తానే పెట్టుకోలేక అవస్థపడుతుంటే చెప్పాను: ముందువైపు పెట్టుకుని తిప్పుకోవాలి. ఆల్మా ఎప్పుడూ అలాగే తిప్పుకునేదన్నాడు. తిప్పుకున్నాడు. చేతులు పైకెత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తాడు. ఏదో దొంగతనానికి వెళ్ళినవాడిలా మెల్లిగా ఊపిరి పీల్చాడు.

"నొప్పి లేదు," అన్నాడు. అక్కడే కుర్చీలో కూలబడి, టోపీతో మొహం కప్పుకుని ఏడ్చాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నేను వంటింట్లోకి వెళ్ళి కెటిల్ పెట్టాను. పెట్టి నేనూ ఏడ్చాను.

ఆదివారం ఉదయం విరిగిన కర్ర స్థానంలో కొత్తది బిగించి ఉంది. ఏవిస్‌కి ఏమీ తెలియదు, నేను చెప్పలేదు. ఆ ఉదయం వాళ్ళింట్లో జరిగింది ఆమే నాకు తరవాత చెప్పింది. నెవిల్ ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. ఆరు గంటలూ వరసగా మొదలయ్యాయి. ఆరోది పడగానే కళ్ళు తెరిచాడు.

"కిటికీ తియ్యి."

"చలిగా ఉందండీ."

"తియ్యవే."

తీసింది. అరగంట మోగాయి. వరసలు మారుతూ, అల్లుకుంటూ, మళ్ళీ విడిపోతూ. ఆయన నోట ఆలస్యమన్న మాట ఎప్పుడొస్తుందా అని ఏవిస్ గుండె చిక్కబట్టుకుని నిలబడింది. నెవిల్ నోరు విప్పలేదు. అరగంటలో ఒక్కమాట లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మౌనం అర్థం తెలిసిన మనిషి కనక ఆమె అక్కడ ఉండలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ప్రార్థన అయ్యాక వీధి తలుపు తట్టిన చప్పుడైంది. క్లెమెంట్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఏవిస్ పక్కకి తప్పుకుంది. ఆయన మంచం దగ్గర కూర్చున్నాడు.

"ఎందుకు మానేశావురా?" అన్నాడు నెవిల్. "నా మాటకేనా?"

క్లెమెంట్ నెవిల్ చెయ్యి తీసుకుని తన చొక్కా మీద, ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఆ చెయ్యి ముందు పట్టీ మీద ఆగింది. తరవాత మెత్తదనం మీద. తీసేస్తాడనుకున్నాడు క్లెమెంట్. తియ్యలేదు.

"మాత్రల వల్లరా," అన్నాడు క్లెమెంట్. "పోటీ రోజు కూడా దీనివల్లే."

నెవిల్ పెదాలు కదిలాయి. ఏదో గుర్తొచ్చినట్టుంది. స్కెగ్‌నెస్ ఇసకే అయ్యుంటుంది, ఎందుకంటే ఆయన కళ్ళు నిండాయి. క్షమించమని నెవిల్ నోట ఎప్పుడూ రాలేదు, అప్పుడూ రాలేదు.

"సరిపోయిందా?" అన్నాడు.

"మొదటిది సరిపోలేదు. కర్ర విరిగింది దానివల్లే. ఇది సరిపోయింది."

"అయితే వచ్చే ఆదివారం రా."

నెవిల్ ఇంకో మూడు ఆదివారాలు విన్నాడు. నాలుగోసారి గంటల నాలుకలకి ఒకవైపు తోలు కట్టారు. గంటలవాళ్ళలో ఎవరైనా పోతే అలాగే కడతారు, ఒక దెబ్బ గట్టిగా, రెండో దెబ్బ దూరం నుంచి వచ్చినట్టు మోగుతుంది. నేను సమాధుల గోడ దగ్గర ఏవిస్ పక్కన నిలబడ్డాను. పైన తెల్లచొక్కాలో క్లెమెంట్ పెద్ద గంట లాగుతున్నాడు. గట్టి దెబ్బా, మెత్తటి దెబ్బా, ఒక్కటీ ఆలస్యం కాలేదు. ఏవిస్ నా మోచెయ్యి పట్టుకుని నెవిల్ శవపేటిక వైపు చూసింది.

"చూశావా," అంది, "ఏమీ అనటంలేదు."